పేము కర్ర, మణికట్టు, సవాలు: ఆర్నిస్ సాధనలో నా అనుభవం

ఫిలిప్పీన్స్ కర్రసాముకు మూడు పేర్లున్నాయి: ఆర్నిస్, ఎస్క్రిమా, కాళి. స్పానిష్‌లో కవచాన్ని ‘ఆర్నెస్’ అంటారు, మొదటి పేరు దాన్నుంచి వచ్చింది. కత్తిసాముకు అదే భాషలో మాట ‘ఎస్గ్రిమా’, అది ఎస్క్రిమా అయింది. సెబూ దీవిలో జనం నోట వినపడేది ఈ రెండో పేరే. కాళి అన్న పేరుకు అమెరికా శిక్షణశాలల వల్ల ప్రచారం వచ్చింది. మన కాళికాదేవితో ముడిపెట్టి చెప్పే కథలకు ఆధారం లేదు. 2009 డిసెంబర్ 11న రిపబ్లిక్ యాక్ట్ 9850 మీద సంతకం అయ్యాక ప్రభుత్వ లెక్కల్లో ఆర్నిస్ స్థిరపడింది. ఆ దేశానికి జాతీయ యుద్ధకళా, జాతీయ క్రీడా అదే.

సెబూ, దావావ్ నగరాల్లో మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లల్లో కొందరు సాయంత్రాలు ఈ కర్ర పడుతున్నారు. హైదరాబాద్‌లో, విశాఖలో వీడియోలు చూసి మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఇది వీధిలో పనికొస్తుందా? ఎవడైనా సవాలు విసిరితే ఏం చేయాలి? ఈ రెండిటినీ ఒకే ప్రశ్నగా చూసి సాధన చేస్తే రెండూ చెడతాయి. అది ఎలాగో చెప్పాలంటే ముందు కర్ర దగ్గర్నుంచి రావాలి.

మన కర్రసాములో కర్ర మనిషంత పొడవుంటుంది. ఆర్నిస్ కర్ర మూరన్నర: 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. చేయి చాపితే చంకలోంచి అరచేతి దాకా వస్తుంది. లావు 2.2 నుంచి 2.5 సెంటీమీటర్లు, బరువు 150 నుంచి 220 గ్రాములు. కర్ర పేముది, అక్కడివాళ్లు యాంతోక్ అంటారు. పేమునే ఎంచుకోవడానికి కారణం ఉంది. వెదురులా లోపల గుల్ల కాదు, మొత్తం పీచు. గట్టి చెక్క విరిగితే ముక్క ఎగిరి ఎదుటివాడి మీద పడుతుంది. పేము విరిగేముందు చీపురు కుచ్చులా విప్పుకుంటుంది, మార్చమని ముందే చెబుతుంది. కమాగోంగ్, బాహి అనే గట్టి చెక్కల కర్రలు కూడా అమ్ముతారు. కమాగోంగ్ మన తునికి చెట్టు కుటుంబానిదే, నల్లగా నున్నగా చూడముచ్చటగా ఉంటుంది. అవి ఒంటరిగా తిప్పుకోవడానికి మాత్రమే. జంట సాధనలో ఒక్క దెబ్బ గురి తప్పినా వేలి ఎముక నిలవదు.

కొనేటప్పుడు గణుపులు చూడండి. దగ్గర దగ్గరగా గణుపులున్న కర్ర ఎక్కువ రోజులు మన్నుతుంది. సిమెంటు నేల మీద నిలువుగా రెండు అంగుళాల ఎత్తునుంచి వదలండి. టంగుమని మోగితే తీసుకోవచ్చు. మందంగా, బొంగురుగా శబ్దం వస్తే లోపల చీలిక ఉంది. జత కొంటే వంటింటి త్రాసులో తూచండి, తేడా 10 గ్రాములు దాటకూడదు. దాటితే రెండు చేతుల వేగం కలవదు, లోపం చేతిలో ఉందో కర్రలో ఉందో కొత్తవాళ్లకు అర్థం కాదు. దెబ్బ తగిలే చివరి జానెడు మేర ఎలక్ట్రికల్ టేప్ ఒక్క వరుస చుట్టండి. మూడు నాలుగు వరుసలు చుట్టారంటే కొన బరువెక్కి ఆ భారమంతా మణికట్టు మోస్తుంది.

సెబూ గాలిలో తేమ ఉంటుంది కాబట్టి పేము అక్కడ మెత్తగా బతుకుతుంది. మన మే నెల ఎండల్లో అదే కర్ర ఎండి, తేలికై, పెళుసవుతుంది. నెలకోసారి అవిసె నూనె గుడ్డతో రుద్ది ఒక రోజు నీడలో ఉంచితే ఆ పెళుసుదనం కొంత తగ్గుతుంది. ఒక జాగ్రత్త: ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్లలో తడిపి పారేయాలి.

పట్టు విషయం. కర్ర అడుగున బెత్తెడు కంటే కొంచెం తక్కువ, 5 లేదా 6 సెంటీమీటర్లు, పిడికిలి కిందికి వదలాలి. ఆ ముక్కను పున్యో అంటారు. ఒంటికి ఒళ్లు తగిలేంత దగ్గరకు వచ్చాక దెబ్బ దాంతోనే పడుతుంది. బొటనవేలు చుట్టూ తిరిగి మిగతా వేళ్లకు ఎదురు రావాలి. కర్ర గుండ్రంగా ఉంటుంది గనుక అంచు ఎటుందో కొత్తవాళ్లు మర్చిపోతారు. అసలు ఇది చాలా శిక్షణశాలల్లో కత్తికి బదులుగా పట్టుకునే కర్ర. వేళ్ల రెండో మెటికల వరుస ఎటు చూస్తే అంచు అటు. ఆ వైపు పొడవునా సన్నటి ఎర్ర టేప్ అంటించి నెల రోజులు సాధన చేస్తే, దెబ్బ ఎక్కడ చదునుగా పడుతోందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

దెబ్బల లెక్క ఒక్కో సంప్రదాయంలో ఒక్కోలా ఉంటుంది. రెమీ ప్రేసాస్ వ్యాప్తిలోకి తెచ్చిన మోడర్న్ ఆర్నిస్‌లో 12: ఒకటీ రెండూ కణతలకు, మూడూ నాలుగూ భుజం కింద పక్కలకు, అయిదు పొట్టలో పోటు, ఆరూ ఏడూ ఛాతీలో పోట్లు, ఎనిమిదీ తొమ్మిదీ మోకాళ్లకు, పదీ పదకొండూ కళ్లకు పోట్లు, పన్నెండు నడినెత్తిన. కంఠస్థం చేయడానికి ఒక రోజు చాలు. చేతికి పట్టడానికి మూడు నెలలు కావాలి. మొదటి రెండు వారాలు రోజుకు 12 దెబ్బలు 5 ఆవృత్తాలు కుడిచేత్తో, 5 ఎడమచేత్తో చేయండి. తర్వాత పదేసి. అంతకు మించితే మూడో వారానికి మోచేయి బయటివైపు నొప్పి పట్టుకుంటుంది. కాఫీ కప్పు ఎత్తితే సుర్రుమంటుంది. కర్రను దెబ్బకూ దెబ్బకూ మధ్య కూడా బిగించి పట్టడమే దానికి కారణం. చిటికెన వేలు, ఉంగరపు వేలు దెబ్బ తగిలే క్షణంలో బిగియాలి, తగిలాక వదులవ్వాలి. నొప్పి వచ్చినవాళ్లు అబానికో దెబ్బలు ఆపాలి. అబానికో అంటే విసనకర్ర; మణికట్టును అటూ ఇటూ విసిరే ఆ దెబ్బలో భారం అంతా ముంజేతి పైకండరాల మీద పడుతుంది. అర కిలో డంబెల్ పట్టుకుని, మణికట్టు పైకి వంచి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దించాలి. రోజుకు 15 చొప్పున 3 సార్లు. చాలామందికి నెలా రెండు నెలల్లో దారిలో పడుతుంది.

కాళ్ల సంగతి ఎవరూ వీడియోల్లో చూడరు, కర్రనే చూస్తారు. నేల మీద టేప్‌తో 60 సెంటీమీటర్ల భుజాలున్న త్రిభుజం వేసుకోండి. కొన మీ దగ్గర, విప్పారిన వైపు ఎదుటివాడి దగ్గర. దెబ్బ వస్తుంటే తిన్నగా వెనక్కి పోకుండా ఆ రెండు గీతల్లో ఒకదాని మీదుగా ఏటవాలుగా ముందుకు జరగడం దీంతో అలవాటవుతుంది. తప్పు ఎప్పుడూ ఒకటే: చేయి ముందు పోతుంది, కాలు తర్వాత వస్తుంది. అప్పుడు ముందు మోకాలు దొరికిపోతుంది. 1521 ఏప్రిల్ 27న సెబూ పక్కనున్న మక్తాన్ దీవి తీరాన, స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మజెల్లాన్ పడిపోయిన తీరును అతని వెంట వచ్చిన పిగాఫెట్టా రాసిపెట్టాడు: పెద్ద కత్తితో ఎడమ కాలి మీద వేటు, దాంతో ముందుకు బోర్లా. మక్తాన్ నాయకుడు లాపులాపు మనుషులకు ఆర్నిస్ వచ్చని దాన్ని బట్టి చెప్పలేం. శిరస్త్రాణం పెట్టుకున్నవాడికి కాలు ఎంత అలుసో మాత్రం తెలుస్తుంది.

జంట సాధనలో మొదటిది సినవాలి. వెదురు తడికను అక్కడ సవాలి అంటారు. రెండు కర్రలూ తడిక అల్లినట్టు పైనా కిందా తిరుగుతాయి. ఇద్దరు గట్టిగా, ఒకే లయలో కొడుతున్నప్పుడు కర్రలు తగిలే చోటునుంచి కాలిన వాసన వస్తుంది. పొయ్యిలో చెరుకు పిప్పి కమిలినట్టుంటుంది. వాసన వస్తోందంటే బలం వస్తోందని కొత్తవాళ్లు సంబరపడతారు. నిజానికి ఇద్దరూ ఎదుటివాడి కర్రకు గురిపెట్టి కొడుతున్నారని దాని అర్థం. కర్రకు కర్ర తగిలించడం కోలాటం అవుతుంది, సాము కాదు. దెబ్బ ఇచ్చేవాడు నిజంగా కణతకే గురిపెట్టాలి, నాలుగు వేళ్ల దూరంలో ఆపగలిగే వేగంతోనే కొట్టాలి. ఆపుకునేవాడు ఏమీ చేయకుండా నిలబడితే కర్ర కణత పక్కన వచ్చి ఆగాలి. వారానికి ఒకసారి అలా ఊరికే నిలబడి పరీక్షించండి. కర్ర తల పక్కగా గాలిలో పోయిందంటే ఆ జంట సాధన అంతా అబద్ధంగా సాగుతోందన్నమాట.

సుంబ్రాడాలో ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. అందులో ఒకరి దెబ్బను అడ్డుకుని, ఎడమచేత్తో అతని చేతిని తట్టి ఉంచి, అదే ఊపులో తిరుగు దెబ్బ ఇవ్వాలి. అతను దాన్ని అడ్డుకుని మళ్లీ ఇస్తాడు. వరుస ముందే తెలుసు కాబట్టి దెబ్బ రాకముందే అడ్డు పెట్టేస్తాం. పది ఆవృత్తాలకు ఒకసారి దెబ్బ ఇచ్చేవాడు చెప్పకుండా వరుస తప్పాలి. అప్పుడు తగిలితే తగలనివ్వాలి, అందుకే చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్క్ ఆ రోజు తప్పనిసరి.

ఆ ఎడమచేయి ఉంది చూశారూ, దానిదే అసలు విద్య అంటారు బాలింతవాక్ వాళ్లు. 1952లో సెబూలో వెనాన్సియో బేకన్ మొదలుపెట్టిన ఆ సంప్రదాయంలో ఒక్క కర్రే ఉంటుంది. రెండో చేయి ఖాళీ, కానీ క్షణం ఊరుకోదు. దూరాలు మూడు. లార్గో అంటే కర్ర కొన ఎదుటివాడి చేతికి మాత్రమే అందేంత. మెడియో అంటే కర్ర తలకు, ఎడమచేయి అతని కర్రచేతికి అందేంత. కోర్టో అంటే పున్యో, మోచేయి, పట్టు. లార్గోలో ఉన్నప్పుడు మొదటి గురి ఎదుటివాడి చేయి. పాము కోరలు పీకడం అని అక్కడ దీనికి పేరు. చేయి పోతే కర్ర దానంతటదే పడుతుంది. శిక్షణలో చూపించే పాముచుట్టు లాంటి కర్ర ఊడదీసే పట్లు నిజంగా కొట్టుకునేటప్పుడు నూటికో కోటికో ఒకటి పడుతుంది. సాధనలో ఎదుటివాడు దెబ్బ వేసి కర్రను అక్కడే ఉంచుతాడు. కోపంతో ఉన్నవాడు దెబ్బ తగలకముందే వెనక్కి లాగేస్తాడు.

చేతి దెబ్బ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే అందరికీ తగిలేది అక్కడే. చూపుడువేలి మొదటి మెటికకు పేము తగిలితే ముందు నొప్పి ఉండదు, వేలు ఉందా లేదా అన్నట్టు మొద్దుబారుతుంది. అర నిమిషానికి మెటిక గుంటపూడి నున్నగా అయిపోతుంది. అప్పుడే, వాపు పూర్తిగా రాకముందే, పిడికిలి సగం ముడిచి చూడాలి. నాలుగు వేళ్ల కొనలూ బొటనవేలి మూలం వైపు, మణికట్టుకు దగ్గరగా, ఒకే చోటికి చూస్తుండాలి. ఏదైనా వేలు పక్కవేలి మీదికి ఎక్కుతుంటే లోపల ఎముక విరిగి మెలి తిరిగిందని అనుమానించాలి. పక్కవేలికి కట్టేసి ఊరుకుంటే అది అలాగే వంకరగా అతుక్కుంటుంది. అదే రోజు ఎక్స్‌రే తీయించాలి. ఉంగరం ఉంటే దెబ్బ తగిలిన వెంటనే తీసేయాలి, గంట ఆగితే ఉంగరాన్ని కోయాల్సి వస్తుంది. అసలు సాధనకు ఉంగరంతో రాకూడదు. మసాజ్ చేయకండి, కొబ్బరినూనె రుద్దకండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టి, చేయి గుండె కంటే ఎత్తులో ఉంచండి.

తలకు తగిలితే ఆ రోజుకు సాధన ఆగిపోవాలి. కళ్లు తిరగకపోయినా, ‘బానే ఉన్నాను’ అన్నా ఆగిపోవాలి. వాంతి, మగత, ఎక్కువవుతున్న తలనొప్పి, మాట తడబడటం, వీటిలో ఏదొచ్చినా ఆసుపత్రికే. ఫెన్సింగ్ మాస్క్ సన్నటి కత్తి పోటు ఆపడానికి తయారైంది. వలమీద పేము దెబ్బ పడితే ముఖం బతుకుతుంది, కానీ తల అదురుతుంది. తల వెనుక అసలు అడ్డే ఉండదు. పైన దళసరి తోలు లేదా ఫోమ్ తొడుగు వేసుకుంటేనే జంటగా కొట్టుకోవాలి. అది వేసుకున్నా పూర్తి బలంతో తలకు కొట్టకూడదు.

ఇప్పుడు పోటీల మాట. ఈ విద్యకు పోటీలు నడిపే అంతర్జాతీయ సంఘం వెకాఫ్ నిబంధనల్లో ఒళ్లంతా దళసరి కోటు, జాలీ ఉన్న హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని పేము కర్రలతో నిమిషం చొప్పున 3 రౌండ్లు కొట్టుకుంటారు. దాని మొదటి ప్రపంచ పోటీలు 1989లో సెబూలో జరిగాయి. ఆ ఒక్క నిమిషం ఊపిరి తీయించేస్తుంది. గుండె దమ్ముకూ, దెబ్బ తిన్నాక కూడా కళ్లు మూసుకోకుండా ఉండటానికీ అంత మంచి సాధన ఇంకోటి లేదు. కానీ కవచం ఒక చెడ్డ అలవాటు నేర్పుతుంది. తగిలినా నొప్పి లేదు కాబట్టి ఇద్దరూ మెడియో దూరంలో నిలబడిపోయి ఒకరి తల మీద ఒకరు దంచుకుంటారు. మూడు దెబ్బలు తిని నాలుగు వేసినవాడు గెలుస్తాడు. అదే మనిషి కవచం తీసేసి మామూలు చొక్కాతో ఉంటే మొదటి దెబ్బకే చేయి పనిచేయదు. మేం నెలలో మూడు వారాలు కవచంతో, ఒక వారం మాస్క్, పల్చటి గ్లవ్స్, ఫోమ్ కర్రతో కొట్టుకుంటాం. ఆ నాలుగో వారం నిబంధన ఒకటే: చేతికి తగిలితే ఆ చేయి పోయినట్టే, కర్ర వదిలి రెండో చేత్తో అందుకోవాలి. కవచంలో దుమ్ము రేపేవాళ్లు ఆ వారం చాలా జాగ్రత్తగా, దూరదూరంగా తిరుగుతారు.

సవాళ్ల చరిత్ర ఈ విద్యలో పాతదే. కవచం లేకుండా, ఏ దెబ్బకూ అడ్డు లేకుండా జరిగే పోరును హుయేగో తోదో అంటారు. ఊరి జాతరల్లో, శిక్షణశాలల మధ్య పంతాలతో అవి జరిగేవి. పేరున్న పాత గురువుల గొప్పతనం గురించి ఏ శిక్షణశాలలో మాట్లాడినా ఆ పోరులే చెబుతారు. వినేవాళ్లకు రక్తం ఉడుకుతుంది. నేనూ వాటిని గౌరవంతోనే వింటాను. అయితే అదే దేశపు చట్టం ఏం చెబుతోందో చాలామంది శిష్యులకు తెలియదు, తెలియాలి.

అక్కడి రివైజ్డ్ పీనల్ కోడ్ 1932 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సెబూలో డోసే పారెస్ అనే ఎస్క్రిమా సంఘం పుట్టింది కూడా ఆ జనవరిలోనే. ఆ కోడ్ 260వ ఆర్టికల్ ద్వంద్వయుద్ధాన్ని నేరంగా చూస్తుంది. 261వ ఆర్టికల్ ఇంకా ముందుకు పోయింది. ద్వంద్వయుద్ధానికి సవాలు విసరడం నేరం, విసరమనో ఒప్పుకోమనో ఎగదోయడం నేరం. సవాలుకు ఒప్పుకోలేదని ఒకణ్ని నలుగురిలో ఎగతాళి చేయడం కూడా నేరమే. ‘భయపడ్డాడురా’ అని వీడియో పెట్టేవాళ్లు ఈ మూడో ముక్క రెండుసార్లు చదవాలి.

ఆత్మరక్షణ 11వ ఆర్టికల్‌లో ఉంది. మూడు షరతులు: ఎదుటివాడు అన్యాయంగా దాడికి దిగి ఉండాలి, దాన్ని ఆపడానికి మనం వాడిన సాధనం సహేతుకంగా అవసరమై ఉండాలి, మనం రెచ్చగొట్టి ఉండకూడదు. ‘రా చూసుకుందాం’ అంటే ‘పద’ అని ఇద్దరూ ఒప్పుకుని బయటికి వెళ్తే మొదటి షరతు దగ్గరే కేసు ఓడిపోతుంది. ఒప్పుకున్న కొట్లాటలో అన్యాయమైన దాడి అంటూ ఉండదని అక్కడి కోర్టులు చెబుతూ వచ్చాయి. అంటే సవాలుకు ఒప్పుకున్న క్షణంలోనే ఆత్మరక్షణ అనే మాట మన నోట్లోంచి పోతుంది. ఎదుటివాడు మధ్యలో కత్తి తీసినా మొదట్లో మనం అన్న ‘పద’ మన మెడకే చుట్టుకుంటుంది.

మన దగ్గర 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 37వ సెక్షన్ హద్దులు గీస్తుంది: పోలీసుల దగ్గరకు వెళ్లే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు, రక్షించుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. ఎదుటివాడి చేతిలో కర్ర పడిపోయాక మనం వేసే 12వ దెబ్బ ఏ సెక్షన్‌లోనూ ఇమడదు. సాధనలో అందుకే ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎదుటివాడి కర్ర కింద పడగానే దెబ్బ ఆపి, రెండు అడుగులు వెనక్కి వేసి, గట్టిగా ‘ఆగు’ అని అరవాలి. మొదట్లో గొంతు పెగలదు. చేతులు ఆగవు. ఆ ఆగడం కూడా వందసార్లు చేస్తేగానీ రాదు.

కర్రలు తీసుకెళ్లేటప్పుడు జిప్పున్న సంచిలోనే పెట్టుకోండి. ఫిలిప్పీన్స్‌లో 1978 నాటి బాతాస్ పంబన్సా 6 అనే చట్టం ప్రకారం కత్తి, బాకు, దుడ్డుకర్ర లాంటివి ఇంటి బయట వెంట తీసుకెళ్లడం నేరం. బతుకుతెరువుకో, చట్టబద్ధమైన పనికో వాడుతున్నామని చూపించగలగాలి. సాధనకు పోయేటప్పుడు సంచిలో మాస్క్, గ్లవ్స్ కూడా ఉంటే ఎక్కడికి పోతున్నామో చెప్పడం తేలిక. తిరుగుదారిలో తిండికి, సినిమాకు ఆ సంచితో తిరగకుండా నేరుగా గదికి రావడం మంచిది.

మరి సవాలు వస్తే? స్నేహంగా, మరో శిక్షణశాల నుంచి, కవచంతో, పెద్దల సమక్షంలో కొట్టుకుందామంటే వెళ్లండి, చాలా నేర్చుకుంటారు. ముందురోజే నాలుగు విషయాలు కాగితం మీద ఉండాలి: ఏ కర్ర, ఏ కవచం, ఎన్ని నిమిషాలు, ఎవరు ఆపుతారు. ఆపే మనిషి ఇద్దరికంటే పెద్దవాడు, ఇద్దరూ మాట వినేవాడు అయ్యుండాలి. మందు తాగినవాడు విసిరిన సవాలు, ఫోన్‌లో విసిరిన సవాలు, ‘కవచం ఎందుకు, భయమా’ అని మొదలయ్యే సవాలు, వీటికి జవాబు ఇవ్వకండి. ‘నాకు కుదరదు’ అనే రెండు ముక్కలు చాలు, కారణం చెప్పొద్దు. కారణం చెబితే వాదన మొదలవుతుంది.

ఆత్మరక్షణ అనగానే పిల్లలు కత్తి దగ్గరకే వస్తారు. ‘అన్నా, కత్తి లాక్కోవడం ఎప్పుడు నేర్పిస్తారు?’ అని రెండో వారమే అడుగుతారు. అడిగిన రోజునే ఒక సాధన చేయిస్తాం. తెల్ల చొక్కా, కళ్లకు అద్దాలు, రబ్బరు కత్తి అంచుకు ఎర్ర లిప్‌స్టిక్. కత్తి పట్టినవాడు ఒక మీటరు దూరంలో మాట్లాడుతూ నిలబడి, ఎడమచేత్తో చొక్కా పట్టుకుని, కుట్టుమిషన్ సూదిలా పొట్టలో, పక్కల్లో వరసగా పొడుస్తాడు. 20 సెకన్లు. తర్వాత చొక్కా మీద మచ్చలు లెక్కపెడతాం, పదికి తగ్గవు. హుబుద్ లుబుద్ అనే జంట చేతుల సాధనలో ఎంత చక్కగా చేతులు తిప్పినవాళ్లకైనా అంతే, ఎందుకంటే ఆ సాధనలో పోటు ఒక్కసారి వచ్చి ఆగుతుంది. ఇక్కడ వెనక్కి వెళ్లిన చేయి కంటికి కనపడేలోపే మళ్లీ వస్తుంది.

తర్వాత అదే సాధన మూడు మార్పులతో చేయిస్తాం. మొదటిసారి దూరం రెండున్నర మీటర్లకు పెంచుతాం. రెండోసారి భుజానికి పుస్తకాల సంచి ఉంటుంది, దాన్ని ఛాతీ ముందు అడ్డం పెట్టుకోవచ్చు. మూడోసారి గది తలుపు తెరిచి ఉంటుంది, బయటపడితే గెలిచినట్టు. ఒక్కో మార్పుకూ మచ్చలు తగ్గుతాయి, తలుపు తెరిచినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా తగ్గుతాయి. పట్టుకోవాల్సి వస్తే కత్తి జోలికి పోకుండా, కత్తి పట్టిన ముంజేతిని రెండు చేతులతో ఛాతీకి అదిమి, ఎదుటివాణ్ని గోడకు తోసుకుంటూ పోవాలి. అదీ వేరే దారి లేనప్పుడే. అలా చేసినా రెండు మూడు పోట్లు తగులుతాయని ముందే ఒప్పుకోవాలి.

తలుపు సాధనలో మేం ఆలస్యంగా గమనించింది ఒకటుంది. తలుపు లోపలికి తెరుచుకునే గది అయితే, గొళ్లెం వేసి లేకపోయినా, దాన్ని లాగడానికి ఒక అడుగు వెనక్కి, కత్తి వైపుకు వేయాల్సి వస్తుంది. వీపు మీద మచ్చలు ఎక్కువగా పడేది ఆ ఒక్క అడుగులోనే. ఇప్పుడు తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంచుతున్నాం. ముందు కుర్చీని కాలితో ఎదుటివాడి మోకాళ్ల మీదికి తోసి, ఆ తర్వాతే గడియ మీద చేయి వేయాలి. వారానికి 15 నిమిషాలు, ఒక్కొక్కరికి ఆరుసార్లు, మూడుసార్లు కుడిచేత్తో తలుపు తీస్తూ, మూడుసార్లు ఎడమచేత్తో.